అక్కకు పెరిగిన మంచి కొలెస్ట్రాల్ నాకెందుకు పెరగలేదు?

ప్రశ్న: నా వయసు 52. నెలసరి ఆగి రెండేళ్లయింది. వేడి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్రలేమితో చాలా ఇబ్బంది పడ్డాను. డాక్టరుగారు హార్మోన్ మాత్రలు మొదలుపెట్టాక ప్రాణం కుదుటపడింది. మా అక్కయ్యకు 55. ఆమె కూడా అదే ఈస్ట్రోజన్ మాత్ర, అదే మోతాదులో వాడుతోంది. గర్భసంచి తీసేశారు కాబట్టి ఆమెకు ప్రొజెస్టరోన్ మాత్ర అక్కర్లేదన్నారట. నాకు రెండూ ఇచ్చారు. మూడు నెలలయ్యాక ఇద్దరం లిపిడ్ ప్రొఫైల్ చేయించుకున్నాం. అక్కయ్యకు హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 46 నుంచి 57కి పెరిగింది. నాకు 48 నుంచి 50 దగ్గరే ఆగింది. టోటల్ కొలెస్ట్రాల్ 228 నుంచి 222కి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 నుంచి 119కి తగ్గాయి. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) మాత్రం 160 నుంచి 265కి ఎగబాకాయి. ఆమధ్య మా అబ్బాయి నాకు జీన్ టెస్ట్ చేయించాడు. నా ఈస్ట్రోజన్ రిసెప్టార్ (ఈస్ట్రోజన్‌ను పట్టుకునే ప్రొటీన్) జీన్ ‘సి/సి’ రకమని, హార్మోన్ చికిత్స తీసుకుంటే మంచి కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుందని అందులో రాసి ఉంది. మరి నాకెందుకు పెరగలేదు? ప్రొజెస్టరోన్ మానేస్తే పెరుగుతుందా? అసలు చికిత్సే ఆపేయాలా? మా నాన్నగారికి ట్రైగ్లిజరైడ్స్ ఎప్పుడూ ఎక్కువే. ఒకసారి ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి ఆసుపత్రిలో చేరారు కూడా. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రొజెస్టరోన్ మాత్రను మీ అంతట మీరు మానేయకండి. హెచ్‌డీఎల్ నాలుగు పాయింట్లు పెరుగుతుందన్న ఆశతో చేయకూడని పని ఇది. మీకు గర్భసంచి ఉంది. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర అదుపు లేకుండా మందమవుతుంది, అది క్యాన్సర్ దాకా వెళ్లవచ్చు. అమెరికాలో 1990లలో ‘పెపీ’ అనే పేరుతో 875 మంది మహిళల మీద మూడేళ్ల పరిశోధన జరిగింది. గర్భసంచి ఉండి ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఆ పొరలో ప్రమాదకరమైన మార్పులు కనిపించాయి. ఆ మాత్ర మీ గర్భసంచికి రక్షణగా ఇచ్చింది. దాన్ని మార్చుకునే వీలుంది, మానేసే వీలు లేదు. మార్చుకోవడం గురించి కిందికి వస్తాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. అక్కాచెల్లెళ్లు ఒకే మందు వాడినా ఫలితం వేరుగా ఎందుకు వచ్చిందని అడిగారు. నిజానికి మీరిద్దరూ వాడుతున్నది ఒకే మందు కాదు. ఆ సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. అక్కయ్యది ఈస్ట్రోజన్ ఒక్కటే. మీది ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరోన్. హెచ్‌డీఎల్ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. పైన చెప్పిన పెపీ పరిశోధనలోనే ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకున్నవాళ్లకు హెచ్‌డీఎల్ సగటున 5.6 మిల్లీగ్రాములు పెరిగింది. దానికి మెడ్రాక్సీప్రొజెస్టరోన్ అనే కృత్రిమ హార్మోన్ కలిపి తీసుకున్నవాళ్లకు పెరిగింది ఒకటి, ఒకటిన్నర మాత్రమే. సహజ ప్రొజెస్టరోన్‌నే బాగా సన్నటి పొడిగా చేసిన మైక్రోనైజ్డ్ రకం వాడినవాళ్లకు 4.1 పెరిగింది. మీకు పెరిగింది రెండు. ఈ లెక్కల పక్కన పెట్టి చూస్తే మీ రిపోర్టులో వింతేమీ లేదు. జీన్స్ దాకా వెళ్లకుండానే మీ ఇద్దరి మధ్య తేడాకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

అయితే జీన్స్‌కు ఇందులో పాత్రే లేదని కాదు. ఈస్ట్రోజన్ మాత్ర మింగగానే పేగుల్లోంచి నేరుగా లివర్‌కు చేరుతుంది. కొలెస్ట్రాల్‌ను తయారు చేసేదీ, రక్తంలోకి పంపేదీ, వెనక్కి లాక్కునేదీ ఎక్కువగా లివరే. ఈస్ట్రోజన్ చేరాక లివర్ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే రిసెప్టార్లు పెరుగుతాయి, అందుకే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. హెచ్‌డీఎల్‌కు ఆధారమైన ఏపీఓ-ఏ1 అనే ప్రొటీన్ ఎక్కువగా తయారవుతుంది. హెచ్‌డీఎల్‌ను కరిగించే ఎంజైమ్ ఒకటి తగ్గుతుంది. అందుకే హెచ్‌డీఎల్ పెరుగుతుంది. అదే సమయంలో ట్రైగ్లిజరైడ్స్‌ను మోసుకెళ్లే వీఎల్‌డీఎల్ కణాలను లివర్ ఎక్కువగా బయటికి పంపుతుంది. దాంతో ట్రైగ్లిజరైడ్స్ కూడా పెరుగుతాయి. ఈ పనుల్లో ప్రతిదాని వెనకా ఒక జీన్ కాదు, ఎన్నో జీన్లు ఉంటాయి. వాటిలో ఏది ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. తోబుట్టువుల మధ్య కూడా సగటున సగం జన్యు తేడాలే కలుస్తాయి. కాబట్టి అక్కయ్య రిపోర్టు మీ రిపోర్టుకు కొలబద్ద కాదు.

మీ అబ్బాయి చేయించిన టెస్టులో ‘సి/సి’ అన్నది గాల్లోంచి పుట్టిన మాట కాదు. వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హెరింగ్టన్ బృందం 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన ప్రచురించింది. ఈస్ట్రోజన్ రిసెప్టార్‌ను తయారుచేసే జీన్ ఆరో క్రోమోజోమ్ మీద ఉంటుంది. దానిలో ఒక చోట కొందరికి ‘సి’, కొందరికి ‘టి’ అక్షరం ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి కాబట్టి రెండూ ‘సి’ అయితే సి/సి. ఆ చోటు ప్రొటీన్‌ను రాసే భాగంలో లేదు కాబట్టి రిసెప్టార్ ఆకారమేమీ మారదు. అది ఎంత మోతాదులో తయారవుతుందన్నది మారవచ్చని శాస్త్రవేత్తల ఊహ. పరిశోధనలో పాల్గొన్నది 309 మంది. అందరూ అప్పటికే గుండె రక్తనాళాల్లో పూడికలున్న మహిళలే. వాళ్లలో సి/సి ఉన్నవాళ్లు 18.9 శాతం. హార్మోన్ చికిత్సతో వాళ్ల హెచ్‌డీఎల్ సగటున 13.1 మిల్లీగ్రాములు పెరిగితే మిగతావాళ్లకు 6.0 పెరిగింది. రెట్టింపు కంటే ఎక్కువ. అప్పట్లో దీని గురించి గట్టిగానే మాట్లాడుకున్నారు. ఏ మహిళకు హార్మోన్లు గుండెకు మేలు చేస్తాయో రక్తం చుక్కతో ముందే చెప్పేయవచ్చని చాలామంది ఆశపడ్డారు.

మీ టెస్ట్ కంపెనీ ఆ ఆశనే మీకు హామీలా రాసి ఇచ్చింది. నాకు కోపం వచ్చేది అక్కడే. 13.1 అన్నది ఒక గుంపు సగటు. సి/సి ఉన్న ఆ కొద్దిమందిలోనూ ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పెరిగితేనే ఆ సగటు వచ్చింది. తర్వాత ఇతర చోట్ల, ఇతర మహిళల్లో ఇదే జీన్‌ను పరిశీలించినప్పుడు ఒక్కోసారి అదే ఫలితం కనిపించింది, ఒక్కోసారి కనిపించలేదు. అందుకే ఈ జీన్ చూసి హార్మోన్ చికిత్స నిర్ణయించమని ఏ ప్రామాణిక వైద్య మార్గదర్శకమూ చెప్పడం లేదు. రిపోర్టు చూసి ‘నా ఒంట్లో ఏదో లోపం ఉంది, జీన్ బాగున్నా పనిచేయడం లేదు’ అని మీరు బెంగపడాల్సిన అవసరం లేదు. అతిగా చెప్పింది ఆ రిపోర్టు. మీ ఒంటి తప్పేమీ లేదు.

హెరింగ్టన్ బృందం పరిశోధనలో టెస్ట్ కంపెనీలు చెప్పని ఇంకో సంగతి ఉంది. ఆ 309 మంది గుండె రక్తనాళాలకు మూడేళ్లకు పైగా వ్యవధిలో ముందూ వెనకా యాంజియోగ్రామ్ తీసి పోల్చారు. దాని ఫలితం 2000లోనే వచ్చింది. ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలోనూ, రెండూ తీసుకున్నవాళ్లలోనూ పూడికలు పెరిగే వేగం తగ్గలేదు. రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ అంకెలు బాగుపడ్డాయి, రక్తనాళాలు మాత్రం బాగుపడలేదు. దానికి రెండేళ్ల ముందు, 1998లో ‘హెర్స్’ పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో గుండెజబ్బు ఉన్న మహిళలు 2,763 మంది. హార్మోన్లు తీసుకున్నవాళ్ల ఎల్‌డీఎల్ తీసుకోనివాళ్ల కంటే 11 శాతం తక్కువకు దిగింది, హెచ్‌డీఎల్ 10 శాతం ఎక్కువకు చేరింది. అయినా మొత్తం మీద గుండెపోట్లు తగ్గలేదు, మొదటి ఏడాది ఇంకాస్త పెరిగాయి కూడా. 

జన్యుశాస్త్రం ఈ విషయంలో మనకు చేసిన పెద్ద మేలు ఒకటుంది. 2012లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, పుట్టుకతోనే హెచ్‌డీఎల్ కాస్త ఎక్కువగా ఉండే ఒక జన్యు తేడా ఉన్నవాళ్లను పరిశీలించారు. హెచ్‌డీఎల్ ఎక్కువైతే గుండెకు రక్షణ అన్న మన నమ్మకం ప్రకారం వాళ్లకు గుండెపోట్లు తగ్గాలి. తగ్గలేదు. అంటే హెచ్‌డీఎల్ అంకెను పైకి తోసినంత మాత్రాన గుండెకు మేలు జరుగుతుందని చెప్పలేం. అక్కయ్యకు 57, మీకు 50 అయినందువల్ల ఆమె గుండె మీ గుండె కంటే భద్రంగా ఉందని అనుకోకండి. ఆ ఏడు పాయింట్ల కోసం నిద్ర పాడుచేసుకోవడం అనవసరం.

నేను మీ రిపోర్టులో ఆగి చూసింది వేరే చోట. ఎల్‌డీఎల్ 148 నుంచి 119కి తగ్గిందని రాశారు, 29 పాయింట్లు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు, లెక్కగడతారు. టోటల్ కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదోవంతు కూడా తీసేస్తారు. మీ మొదటి రిపోర్టులో 228లోంచి 48, 32 తీస్తే 148. రెండో రిపోర్టులో 222లోంచి 50, 53 తీస్తే 119. సరిగ్గా సరిపోయింది కదా, మీ ల్యాబు కూడా లెక్కే గట్టింది. ఆ 29 పాయింట్లలో 21 ట్రైగ్లిజరైడ్స్ పెరిగినందువల్ల లెక్కలో తీసివేసినవే. ఎల్‌డీఎల్ అసలు తగ్గలేదని కాదు, కొంత తగ్గే ఉంటుంది. కానీ ఈస్ట్రోజన్ మాత్రలతో వచ్చే వీఎల్‌డీఎల్ కణాల్లో ట్రైగ్లిజరైడ్ పాలు ఎక్కువ. అలాంటప్పుడు ఈ లెక్క ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ పద్ధతిని అసలు వాడకూడదు. మీరు చూసుకోవాల్సింది టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది, దాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. మీకు అది 180 నుంచి 172కి దిగింది. అంటే తగ్గింది ఎనిమిదే. సంతోషపడటానికీ లేదు, భయపడటానికీ లేదు.

అసలు సంగతి ట్రైగ్లిజరైడ్స్‌ది. పెపీలో ఈస్ట్రోజన్ మాత్రలతో ట్రైగ్లిజరైడ్స్ పెరిగింది సగటున 11 నుంచి 14 మిల్లీగ్రాములు. మీకు పెరిగింది 105. ఇక్కడ మాత్రం నేను జీన్స్‌నే అనుమానిస్తాను. అయితే ఆ అనుమానం మీ అబ్బాయి తెప్పించిన రిపోర్టు చూసి కాదు, మీ ఉత్తరం చివర నాన్నగారి గురించి రాసిన రెండు వాక్యాలు చూసి వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్‌ను రక్తంలోంచి తొలగించే పని ప్రధానంగా లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్‌ది. దాన్నీ, దానికి తోడ్పడే ప్రొటీన్లనూ తయారుచేసే జీన్లలో తేడాలు కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంటాయి. తొలగించే శక్తి కొంచెం తక్కువున్నవాళ్లకు మామూలు రోజుల్లో 150, 160 దగ్గర నడిచిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. లివర్ మీద ఈస్ట్రోజన్ ఒత్తిడి పడగానే లోపలున్న బలహీనత బయటపడుతుంది. ఇలాంటి కుటుంబాల్లో ఈస్ట్రోజన్ మాత్రలతో ట్రైగ్లిజరైడ్స్ వెయ్యి దాటిపోయి క్లోమం వాచిన మహిళల ఉదంతాలు వైద్య సాహిత్యంలో చాలాకాలంగా ఉన్నాయి. మీ నాన్నగారికి వచ్చిన ప్యాంక్రియాటైటిస్‌కు కారణం ట్రైగ్లిజరైడ్సేనో, పిత్తాశయంలో రాళ్ల లాంటిది ఇంకేదైనా ఉందో పాత కాగితాలు దొరికితే చూడండి. దొరక్కపోయినా ఈ సంగతి మీ డాక్టరుగారికి చెప్పి తీరాలి. ఇంతవరకు చెప్పి ఉండరనే నా అనుమానం. చెప్పి ఉంటే ఆయన మొదటే మాత్రకు బదులు చర్మం మీద అతికించే ప్యాచ్ గురించి ఆలోచించి ఉండేవారు.

265 అన్నది రేపే ప్రమాదం ముంచుకొచ్చే అంకె కాదు. క్లోమానికి భయం సాధారణంగా వెయ్యి దాటినప్పుడు. 500 దాటితేనే డాక్టర్లు దాన్ని తగ్గించడానికి గట్టిగా పూనుకుంటారు. కానీ మూడు నెలల్లో 160 నుంచి 265కి వెళ్లిన గీత ఇంకా పైకి వెళ్లకుండా చూసుకోవాలి. ఈలోగా పొట్ట పైభాగంలో వీపులోకి పొడుచుకుపోయేంత తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. అక్కడివాళ్లకు ఈస్ట్రోజన్ వాడుతున్నారనీ, నాన్నగారి సంగతీ చెప్పండి.

చికిత్స ఆపేయాలా అంటే, ఆపాల్సిన అవసరం కనిపించడం లేదు. మార్గం మార్చుకుంటే చాలు. చర్మం మీద అతికించే ప్యాచ్‌లోని లేదా రాసుకునే జెల్‌లోని ఈస్ట్రోజన్ లివర్‌ను ముందుగా ముంచెత్తకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. వేడి ఆవిర్లు, చెమటలు దానితోనూ అంతే బాగా తగ్గుతాయి. ట్రైగ్లిజరైడ్స్ పెద్దగా పెరగవు. మాత్ర ఇచ్చే ఎల్‌డీఎల్ తగ్గుదల, హెచ్‌డీఎల్ పెరుగుదల కూడా ప్యాచ్‌తో తక్కువే ఉంటాయి. మీ విషయంలో ఆ బేరం మీకే లాభం. గర్భసంచి రక్షణకు మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరోన్ సరిపోతుందా అని కూడా అడగండి, లిపిడ్స్ మీద దాని ప్రభావం తక్కువ. ఇప్పుడు మీ చీటీలో ఏది రాసి ఉందో ఒకసారి చూసుకోండి, అదే కావచ్చు కూడా.

ప్యాచ్‌కు ఇంకో మంచి గుణం ఉంది. జీన్ల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి చెప్పాలి. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు తేడా ఉన్నవాళ్లలో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. ఈస్ట్రోజన్ మాత్ర ఆ ముప్పును ఇంకా పెంచుతుంది, ప్యాచ్‌తో అలా పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. మీ ఇంట్లో ఎవరికైనా కాలి సిరల్లో గడ్డలు వచ్చాయా అన్నది హెచ్‌డీఎల్ జీన్ కంటే వందరెట్లు అవసరమైన ప్రశ్న. ఆ సంగతీ డాక్టరుగారికి చెప్పండి.

మీ టెస్ట్ రిపోర్టులో బహుశా ఏపీఓఈ అనే జీన్ ఫలితం కూడా ఉండొచ్చు. దానిలో ఈ2, ఈ3, ఈ4 అని రకాలుంటాయి. ఈస్ట్రోజన్‌కు ఎల్‌డీఎల్ స్పందించే తీరు ఈ రకాలను బట్టి మారుతుందా అని చాలామంది వెతికారు, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అదే జీన్ ఈ4 రకానికి అల్జీమర్స్ ముప్పుతో కూడా సంబంధం ఉంది. కొలెస్ట్రాల్ గురించి తెలుసుకుందామని తెరిచి, అనుకోని చోట భయం కొనితెచ్చుకున్నవాళ్లున్నారు. ఇంకా ఆ పేజీ చూడకపోతే, డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడే చూడండి.

గుండె ముప్పు తెలుసుకోవడానికి జన్యు సంబంధమైన పరీక్ష ఒకటి చేయించుకోవాలంటే, నేను చెప్పేది లైపోప్రొటీన్ (ఎ), అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం. ఇది డీఎన్ఏ పరీక్ష కాదు, మామూలు రక్తపరీక్షే. కానీ దాని మట్టం చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది, తిండితో, నడకతో పెద్దగా మారదు. అందుకే జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు. ఎక్కువగా ఉంటే ఎల్‌డీఎల్‌ను ఇంకాస్త గట్టిగా అదుపులో పెడతారు. ఈస్ట్రోజన్ మాత్రలు దీన్ని కొంత తగ్గిస్తాయి కాబట్టి, ప్యాచ్‌కు మారిన కొన్ని వారాల తర్వాత చూసుకుంటే అసలు మట్టం తెలుస్తుంది.

మారిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చేయించండి. అదే ల్యాబులో, రాత్రి తిన్నాక పది పన్నెండు గంటలు ఏమీ తినకుండా. ముందురోజు విందు భోజనం, మద్యం వద్దు. దాంతోపాటు షుగర్, థైరాయిడ్ కూడా చూడమనండి. ఈ రెండింటిలో ఏది గాడి తప్పినా లిపిడ్ రిపోర్టు మారిపోతుంది, మనం అనవసరంగా జీన్లను తిట్టుకుంటాం. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే ఇంకో జాగ్రత్త: ఈస్ట్రోజన్‌ను మింగే వాళ్లలో ఆ మోతాదు పెంచాల్సి రావచ్చు, ప్యాచ్‌కు మారితే మళ్లీ తగ్గించాల్సి రావచ్చు.

ఎల్‌డీఎల్‌కు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) కావాలా వద్దా అన్నది బీపీ, షుగర్, పొగాకు, కుటుంబ చరిత్ర అన్నీ చూసి తేల్చే వేరే నిర్ణయం. దాన్ని హార్మోన్ మాత్ర మీద వదిలేయకూడదు. 52 ఏళ్లకు, నెలసరి ఆగిన రెండేళ్లకు, వేడి ఆవిర్ల కోసం మీరు హార్మోన్లు మొదలుపెట్టడం సరైన సమయంలో, సరైన కారణంతో జరిగింది. అరవై లోపు, నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెట్టేవాళ్లకు, వేరే అడ్డంకులు లేకపోతే, నష్టం కంటే లాభమే ఎక్కువని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండెను కాపాడుకోవడానికని మాత్రం వీటిని ఎవరూ వాడకూడదని కూడా అవే చెబుతున్నాయి.

చివరగా, నాన్నగారి సంగతి మీ ఒక్కరిదే కాదు. మీ అబ్బాయికి, మీకు అన్నదమ్ములుంటే వాళ్లకు కూడా ఒకసారి పరగడుపున ట్రైగ్లిజరైడ్స్ చూపించండి. అక్కయ్య కూడా మింగుతున్నది మాత్రే కాబట్టి, ఆమె రిపోర్టులో హెచ్‌డీఎల్‌ను కాకుండా ట్రైగ్లిజరైడ్స్ గడిని చూడమని చెప్పండి.